లాన్‌లో బోడి మచ్చలు

"మీ కుక్క ఉచ్చ పోసి మా లానంతా మాడ్చేసింది!" అని పోయిన ఆదివారం చర్చి మెట్ల మీద, అందరి ముందూ, పక్కింటి ముసలావిడ మార్లిస్‌ని కడిగిపారేశాడు వెర్లిన్. ఇవాళ ఆవిడ అతని లాన్‌లో మోకాళ్ల మీద కూర్చుని, బోడి మచ్చల్లో మట్టి గీరి గడ్డి గింజలు చల్లుతోంది.

వెర్లిన్ గడ్డి కోసే మిషన్‌ని ఎప్పుడూ ఆపే చోట్లలో ఒకచోట ఆపి పెట్రోలు పోశాడు. ఎప్పటిలాగే కాస్త ఒలికింది. ఒలికింది సరిగ్గా ఒక మచ్చ మీదే. మిగతా మచ్చల వైపు చూశాడు. అన్నీ తను పెట్రోలు పోసుకునే చోట్లే. గడ్డిని మాడ్చింది కుక్క కాదు, తను ఒలకబోసిన పెట్రోలే.

"ఇంక ఇటు రాదులే నాయనా, కట్టేశాను," అంది మార్లిస్. కంచె వెనక కుక్క అతన్ని చూసి తోకాడించింది.

నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు.

"నీళ్లు కూడా మీరే పట్టాలి మరి," అన్నాడు.