వాకిట్లో తిరగేసిన మంచం

రజితకు పాత సామాన్ల పిచ్చి ఎప్పుడు పట్టిందో ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. పెరట్లో పడి ఉన్న ఇసుర్రాయిని తోమి, దాని మీద గుండ్రటి అద్దం పెట్టి హాల్లో టీపాయ్‌గా నిలబెట్టడంతో మొదలైంది. తర్వాత ఎడ్లబండి గీర, ఆ పెద్ద కొయ్య చక్రం, గోడెక్కింది. ఆ తర్వాత జనగామ చుట్టుపక్కల ఎవరి పాత ఇల్లు కూలుస్తున్నారన్నా సరే, పెళ్లికి పోతున్నట్టు చీర మార్చుకుని బయల్దేరేది. మహబూబాబాద్‌లో కూలిన ఇంటి నుంచి ఇత్తడి పువ్వులు కొట్టిన దర్వాజ తెచ్చి గోడకు ఆనించింది. అది ఎక్కడికీ తెరుచుకోదు. కొత్తగా వచ్చిన చుట్టాలు బాత్రూం అనుకుని దాన్ని గుంజుతూ ఉంటారు. బచ్చన్నపేట బావి గడ్డ మీద తుప్పు పట్టి పడి ఉన్న మోట బొక్కెనకు బల్బు బిగించి హాలు మధ్యలో వేలాడదీసింది. భర్త సంజీవ కరెంటాఫీసులో పని చేస్తాడు, మనిషి బాగా పొడుగు. రోజూ సాయంత్రం ఇంట్లోకి రాగానే ఆ బొక్కెనకు నుదురు తాకించుకుని, రుద్దుకుంటూ వెళ్లి కూర్చుంటాడు.

పాత ఇనుప సామాను కొంటామని మైకు పెట్టుకుని వచ్చే బండివాడు ఆమె ఇల్లు దగ్గర పడగానే మైకు ఆపేసి, బండి మీద గోనె కప్పేసేవాడు. ఆ ఇంటి నుంచి అతనికి వచ్చేది ఏమీ లేదు, బండిలోదే పోతుంది.

ఇన్నాళ్లకు ఆ పిచ్చికి ఒక విలువ వచ్చేలా ఉంది. భూపాలపల్లి దాటాక కాళేశ్వరం పోయే తోవలో రూప అనే ఆమె హోటల్ కడుతోంది. లోపలంతా పాతకాలపు సామాన్లతో ఉండాలని ఆమె కోరిక. ఎవరి ఫోన్లోనో రజిత హాలు ఫొటోలు చూసి, తనే ఫోన్ చేసింది. ఒకసారి కళ్లతో చూసి, నచ్చితే పని రజితకే ఇస్తానంది. నచ్చకపోతే హైదరాబాదు నుంచి డిజైనర్‌ను పిలిపించుకుంటుంది. నలభై ఎనిమిదేళ్లలో రజితను ఇది చేసిపెట్టమని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, అవన్నీ వంటలూ బట్టలూ. నీకు తెలిసిన పని చేసిపెట్టు అని అడిగిన మొదటి మనిషి రూప. ఈ పని దొరకాలని రజిత మనసులో ఎంతగా ఉందంటే, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం.

రూప వచ్చే ఆదివారం పొద్దునకు ఒక్కటే సిద్ధం కాలేదు. నర్మెట్ట నుంచి తెచ్చిన నులక మంచం. దాని కాళ్లు, ఆ నాలుగు కోళ్లు చూస్తే కళ్లు చెదురుతాయి. ఎవరో పనిమంతుడైన వడ్రంగి ఒక్కో కోడుకు పూసలు పూసలుగా చెక్కాడు. దాన్ని తిరగేసి హాలు పైకప్పుకు కట్టి, నాలుగు కోళ్లకూ బల్బులు పెట్టాలన్నది రజిత ఆలోచన. ఫోన్లో ఏదో వీడియోలో అట్లాంటిది చూసింది. రూపకు కూడా ఇదే చెప్పింది. హోటల్ కప్పు నిండా తిరగేసిన మంచాలు, మధ్య మధ్య దీపాలు. రూప విని, ఊహించుకుంటేనే మంచిగుందని మురిసిపోయింది.

అయితే ఆ మంచం నిండా నల్లులు. సలసల కాగే నీళ్లు పోస్తే తప్ప చావవు. అందుకని రజిత వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, కట్టెలు ముట్టించి, పెద్ద ఇత్తడి గుండలో నీళ్లు పెట్టింది. మంచాన్ని గేటు ముందు తిరగేసింది.

మిద్దె మీద మిరపకాయలు ఎండబెడుతున్న అత్త సత్తెమ్మ పిట్టగోడ మీది నుంచి తొంగిచూసింది.

"గదేంది రజితా, మంచం తిరగేసినవ్. ఎవలన్న పోయిన ఇంటి ముంగటనే అట్ల పెడ్తరు. ఎత్తి మలిపి పెట్టు."

"నల్లులు సావాలె గద అత్తమ్మా. కోళ్ల సందుల్లనే ఉన్నయి."

"నల్లులు సస్తయో, నేను సస్తనో."

"మీకేం గాదుగని మిరపకాయలు సూసుకోండ్రి. నులక కొనుక్కొని, బస్టాండుకు పోయి రూప మేడమ్‌ను తోల్కొనొస్త."

సత్తెమ్మ గొణుక్కుంటూ నీళ్ల ట్యాంకు నీడకు జరిగి, చీర కొంగు మొహం మీద కప్పుకుని ఒరిగింది. ఆమెకు కాస్త వినికిడి తక్కువ, నిద్ర ఎక్కువ. రజిత మంటలోకి కట్టె ఎగదోసి, బజారుకు వెళ్లిపోయింది.

తర్వాత జరిగిందంతా అందరూ కూర్చుని చెప్పుకుంటే తేలింది.

రజిత అటు పోగానే ఇటు కృపాకర్ ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. ఆమె సామాన్లన్నీ ఊళ్ల నుంచి మోసుకొచ్చేది అతనే. ఆ రోజు మహబూబాబాద్ నుంచి గోడకు తగిలించడానికి ఒక పాత డప్పు తెచ్చాడు. దారిలో మంచుకు తోలు మెత్తబడిపోయింది. ఎదురుగా మంట కనిపిస్తే ఎవరికి మాత్రం ఊరుకోబుద్ధవుతుంది. డప్పును కాస్త కాచి, పలుకుతుందో లేదోనని రెండు దెబ్బలు వేసి చూశాడు. పలికింది. క్రిస్మస్‌కు చర్చిలో వాయించే చేయి అది, రెండు దెబ్బలతో ఆగలేదు.

ఎదురింటి చంద్రి బియ్యం చెరుగుతూ తల ఎత్తింది. గేటు ముందు తిరగేసిన మంచం. వాకిట్లో కాగుతున్న నీళ్లు. పక్కన డప్పు. ఇంటి ముందు రోజూ కూర్చునే సత్తెమ్మ ఈ రోజు లేదు.

చేట పక్కన పెట్టి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పోయి అడగడమనేది ఆ వీధిలో ఎవరూ చేయరు. పోయిందా అని ఎవరిని అడుగుతారు? అసలు ఆ మాట నోటితో అనరు, ఫోన్లో అసలే అనరు. చంద్రి ఆదివారం డ్యూటీ పడి ఆఫీసులో ఉన్న సంజీవకు ఫోన్ చేసి, "అన్నా, పరేషాన్ గాకు. అవ్వకు జర మంచిగ లేదు. ఇంటికి రా," అంది. మంచిగ లేదు అంటే ఏమిటో సంజీవకు తెలుసు. తర్వాత బచ్చన్నపేటలో ఉన్న సత్తెమ్మ చెల్లెలు లచ్చమ్మకు అదే మాట చెప్పింది. లచ్చమ్మ ఇంకేమీ అడగకుండా ఆటో మాట్లాడుకుని, ఇంటి నుంచే ఏడుపు మొదలుపెట్టింది.

ఆ వీధికి ఉన్న మంచి గుణం, పిలవకుండానే వస్తారు. వచ్చినవాళ్లు గేటు దగ్గర మంచం చూసి, ఏడ్చుకుంటూ లోపలికి పోయి హాల్లో కూర్చున్నారు. సత్తెమ్మ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల స్నానం చేయిస్తున్నారేమో అనుకున్నారు, వాకిట్లో నీళ్లు కాగుతున్నాయి కదా. సంజీవ పరుగున వచ్చాడు. బొక్కెనకు నుదురు తాకించుకున్నాడు. ఈసారి ఆ వంకన గట్టిగా ఏడ్చాడు. ఆడవాళ్లు స్నానం చేయిస్తున్న గదిలోకి మగవాడు పోకూడదని అరుగు మీదికొచ్చి కూలబడ్డాడు.

కృపాకర్‌కు ఏమీ అర్థం కాలేదు. ఇంతమంది ఏడుస్తుంటే డప్పు ఆపడం మర్యాద కాదేమోనని, దరువు కాస్త నెమ్మది చేసి వాయిస్తూనే ఉన్నాడు.

రజిత రూపను వెంటబెట్టుకుని వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం. రజిత చేతిలో నులక చుట్ట. "చానమంది వచ్చిన్రు. నేనొస్తున్నని చెప్పినవా?" అని రూప కాస్త సిగ్గుపడింది.

రజిత జవాబు చెప్పేలోపే చంద్రి ఎదురొచ్చి ఆమె మెడ మీద పడింది. "ధైర్యం తెచ్చుకోవాలె అక్కా. నువ్వే గిట్లయితే అన్నను ఎవలు సూస్తరు?"

రజిత అరుగు వైపు చూసింది. సంజీవ తలెత్తి ఆమెను చూసి, చిన్నపిల్లాడిలా మూతి వంచాడు. ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ నీళ్లు తనే పెట్టింది, ఆ మంచం తనే తిరగేసింది. కానీ అంతమంది ఏడుస్తున్న చోట నిలబడి నల్లుల సంగతి ఎవరికి గుర్తొస్తుంది. ఆమెకు గుర్తొచ్చింది ఒక్కటే, నల్లులు సస్తయో నేను సస్తనో అన్న మాట. నులక చుట్ట చేతిలోంచి జారి రోడ్డు మీద దొర్లుకుంటూ పోయింది. రజిత గేటు దగ్గరే కూలబడి, మంచం కోడు పట్టుకుని, "నేనే జేసిన అత్తమ్మా, మలిపి పెట్టుమంటె ఇనకపోతి," అని ఏడ్చింది.

కోడలే అట్లా ఏడ్చాక, అనుమానం అంటూ ఎవరికైనా ఉంటే అది కూడా పోయింది. హాల్లో ఏడుపు రెట్టింపైంది. రజితను, ఆమె వెనకే రూపను ఎవరో లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టారు. రూపకు ఎవరు పోయారో తెలియదు, కానీ పోయిన తన అమ్మమ్మ గుర్తొచ్చి కర్చీఫు తీసింది.

అప్పుడే లచ్చమ్మ ఆటో దిగింది. దిగుతూనే రాగం తీసింది. హాలు మధ్యలో, మోట బొక్కెన కింద కూర్చుని, తల ఊపుకుంటూ అందుకుంది.

"నీ చేతి సర్వపిండి ఇగ ఎవలు జేస్తరు ఓ అక్కో... వెన్న లెక్క కరిగేటి సర్వపిండి ఓ అక్కో..."

ఈ గొంతుకు, కృపాకర్ డప్పుకు కలిపి, మిద్దె మీద సత్తెమ్మకు మెలకువ వచ్చింది. కింద ఇంటి ముందు జనం, ఏడుపులు. ఎవరో పోయినట్టున్నారు, అందరూ తమ ఇంటికే వస్తున్నారంటే తెలిసినవాళ్లే. తెలిసినవాళ్లు పోతే ఆలస్యంగా రావడం మంచిది కాదు. కొంగు కళ్ల దాకా లాక్కుని, బయటి మెట్ల మీదుగా దిగి, వచ్చినవాళ్లలో కలిసి హాల్లోకి వచ్చి, ఖాళీ ఉన్న చోట చతికిలబడింది. పక్కన చూస్తే సొంత చెల్లెలు. అంత దూరం నుంచి ఇదే వచ్చిందంటే ఎవరో బాగా దగ్గరివాళ్లే పోయి ఉంటారు. సత్తెమ్మ చెల్లెలి మెడ చుట్టూ చేతులు వేసి గొల్లుమంది.

అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని కడుపునిండా ఏడ్చారు. చుట్టూ ఉన్నవాళ్లు వాళ్లిద్దరి వీపులూ నిమిరారు. రజిత ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది గానీ, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఉంది.

కాస్త ఊపిరి తీసుకున్నాక సత్తెమ్మ చెల్లెలి చెవిలో అడిగింది. "ఎవలే పోయింది?"

లచ్చమ్మ కళ్లు మూసుకునే జవాబిచ్చింది. "ఇంకెవలు. మా అక్కనే."

సత్తెమ్మ ఆలోచనలో పడింది. "నీకున్నది నేనొక్కదాన్నే గదనే. ఇంకో అక్క యాడికెల్లొచ్చింది?"

లచ్చమ్మ కళ్లు తెరిచింది. కూర్చున్నది కూర్చున్నట్టే మెల్లగా వెనక్కి జరిగింది. అట్లా జరిగి జరిగి తెరుచుకోని దర్వాజకు వీపు తాకించుకుని, దాన్ని గుంజి చూసి, రాకపోయేసరికి అక్కడే ఆగిపోయింది. రజిత తల ఎత్తింది. చంద్రి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బయట డప్పు దెబ్బకూ దెబ్బకూ మధ్యలో ఆగింది.

"అవ్వా," అన్నాడు సంజీవ గడపలో నిలబడి. "నువ్వు మంచిగనే ఉన్నవా?"

"నేను మంచిగనే ఉన్న. మిరపకాయలే ఇంకా ఎండలే," అంది సత్తెమ్మ. తర్వాత ఒక్కొక్కరి మొహం చూసింది, గేటు దగ్గరి మంచం చూసింది. సంగతి అర్థమైంది. ఆఖరికి కోడలి వైపు తిరిగింది. "పొద్దుగాల్నే జెప్పిన."

రజిత లేచి వచ్చి అత్త చేయి పట్టుకుంది. వెచ్చగా ఉంది. వదల్లేదు.

"నువ్వు గూడ ఏడ్సినవానే?" అంది సత్తెమ్మ ఆ ఉబ్బిన కళ్లను చూసి.

"గేటుకాన్నే ఏడ్సింది అవ్వా, మస్తు ఏడ్సింది," అని చంద్రి సాక్ష్యం చెప్పింది.

సత్తెమ్మకు అది నచ్చినట్టే ఉంది. బయటికి పోయి, "మంచం మలపుండ్రి," అంది. కృపాకర్, సంజీవ మంచాన్ని నాలుగు కాళ్ల మీద నిలబెట్టారు. నల్లుల సంగతి ఆమెకెవరూ గుర్తు చేయలేదు. ఆమె దాని మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

అంతలో పక్కిళ్ల నుంచి అన్నం, పప్పుచారు గిన్నెలు వచ్చేశాయి. పోయిన ఇంట్లో పొయ్యి ముట్టించరని వండుకొచ్చారు. మనిషి బతికుందని తిరిగి తీసుకుపోలేరు కదా. రజిత అల్మారాలో వరసగా పేర్చిన ఇత్తడి పళ్లేలన్నీ దిగాయి. కంచు చెంబుల్లో నీళ్లు వచ్చాయి. ఎవరో బండి గీరకు కండువా తగిలించారు. ఇసుర్రాయి మీది అద్దం తీసేసి, దాని చుట్టూ కూర్చుని తింటున్నారు. నెల రోజులుగా తుడిచి తుడిచి పెట్టిన హాలు పెళ్లి విడిదిలా అయిపోయింది. ఇక రూపకు ఏం చూపించాలి? రజిత వెళ్లి అరుగు మీద తింటున్న ఆమె పక్కన నిలబడింది.

"ఇయ్యాల గిట్లయింది మేడమ్. రేపు మల్ల వస్తరా? అన్ని సర్ది ఉంచుత."

రూప ముద్ద మింగి, కళ్లు తుడుచుకుంది. ఆ తడి ఏడుపుదో నవ్వుదో తెలియలేదు.

"రజితక్కా, నా హోటల్ల ఎవలు తింటరో ఎరికేనా? కాళేశ్వరంల పిండాలు పెట్టి వచ్చేటోళ్లు. పాపం తిందామని కూసుంటరు. మీదికి సూస్తే మొత్తం తిరగేసిన మంచాలు."

ఆ సంగతి రజితకు తట్టనే లేదు.

"ఒక్క ముద్ద దిగుతదా వాళ్లకు? ఫోన్ల నువ్వు జెప్తుంటే నాకు గూడ మంచిగనే అనిపించింది." రూప చుట్టూ చూసింది. ఇద్దరు ముసలివాళ్లు మంచం అంచున సత్తెమ్మ పక్కన కూర్చుని పళ్లేలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు. "గిట్ల ఉండాలె నాకు. మంచాల మీద కూసోని తినాలె. ఎప్పుడొస్తవ్ భూపాలపల్లికి?"

రజిత ఏదో చెప్పబోతుంటే మంచం మీద నుంచి సత్తెమ్మ అందుకుంది. "వస్తది. ఎల్లుండే వస్తది. మంచాల కాళ్లు మాత్రం భూమ్మీదనే ఉంటయి."

రజిత నవ్వుతూ తల ఊపింది. కళ్లల్లో మళ్లీ నీళ్లు తిరిగాయి. ఈసారి ఎవరూ వచ్చి మెడ మీద పడలేదు.

అప్పుడే ఒకాయన ఆటోలో పెద్ద బంతిపూల దండతో దిగి, మంచం మీద భోజనం చేస్తున్న సత్తెమ్మను చూసి, దండ వీపు వెనక దాచుకున్నాడు. రజిత మెల్లగా దాన్ని అందుకుని, పూలు తెంపి, మంట ఆరి చల్లబడిన గుండలో నీళ్ల మీద వదిలింది. పసుపు పచ్చగా తేలుతుంటే రూప ఫోన్ తీసి ఫొటో కొట్టింది. గుమ్మం ముందు సరిగ్గా ఇట్లాంటిదే కావాలంది.

సత్తెమ్మ చేయి కడుక్కుని, మంచం మీద వాలి, చెల్లెలిని పిలిచింది.

"ఓ లచ్చమ్మా, ఇటు రా. పోయిన పండుగకు నా సర్వపిండి చెప్పు అట్ట లెక్క ఉన్నదన్నవ్ గదనే. ఇయ్యాల వెన్న లెక్క ఎట్లయింది?"

"సచ్చినోళ్ల గురించి మంచిగనే అనాలె గద అక్కా."

"మంచిదే. మంచిగనే అను." సత్తెమ్మ తల కింద చేయి పెట్టుకుని సర్దుకుంది. "సర్వపిండి కాడ ఆపినవ్. ఆడికెల్లి అందుకో. కృపాకరూ, నువ్వు జర మెల్లగ కొట్టు, నాకు సరిగ్గ ఇనవడ్తలేదు."