నిరవధికానికి నాలుగో ప్రయోగం

ఆరిన బట్టలు మడతపెడుతుంటే ఫోన్ మోగింది. భర్త బనియను చేతిలో అలాగే పట్టుకుని ఎత్తింది. ఇరవై రెండేళ్లయినా ఆ గొంతు ఇట్టే పోల్చుకుంది. ఒకప్పుడు తను పనిచేసిన నిఘంటువు ఆఫీసులో పెద్దాయన.

"ఏమ్మా గుండ్రక్షరాలూ, బాగున్నావా? 'ని' దాకా వచ్చాం. నిరవధికం దగ్గర బండి ఆగింది. సమ్మె, వాయిదా, దీక్ష. పేపర్లో ఎప్పుడు చూసినా ఈ మూడే. నాలుగో ప్రయోగం నువ్వు వినే ఉంటావనిపించింది. అన్నట్టు ఇక్కడో కుర్చీ ఖాళీ అయింది. సోమవారం నుంచి వస్తావా? సాయంత్రంలోగా చెప్పాలి, లేదంటే ఇంకొకరిని తీసుకుంటాను."

గుండ్రక్షరాలు. చేతిరాత చూసి ఆఫీసులో పెట్టిన ఆ పేరుతో తననెవరైనా పిలిచి ఎన్నాళ్లయింది! పొడవాటి హాలు, జిగురు వాసన, గోడంతా కార్డుల సొరుగులు. అక్కడొక పద్ధతి ఉండేది. అర్థం ముందు రాయకూడదు. మాట చెవిన పడాలి, అన్నదెవరో, ఎప్పుడన్నారో కార్డు మీద ఎక్కించాలి, ఆ తర్వాతే అర్థం జోలికి పోవాలి. బస్సులో ఇద్దరు ఆడవాళ్లు పోట్లాడుకుంటుంటే చివరి మాటదాకా వినాలని తన స్టాపు దాటిపోయిన రోజులున్నాయి. పక్క కుర్చీలో కూర్చునే ఆవిణ్ణి అందరూ సందేహం అనేవారు. 'బోలెడు' ఎక్కువా 'చాలా' ఎక్కువా అని ఒకరోజు పొద్దుటి నుంచీ వాదించుకుని, అన్నాల వేళకి ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. అలా మళ్లీ నవ్వింది లేదు. ఆ హాలంటే ఎంత బెంగో ఇన్నాళ్లూ తనకే తెలియలేదు.

మానేసిన రోజున బల్లమీద 'అవధి' కార్డు సగంలో ఉంది. అత్తగారు జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. "అమ్మ లేచి తిరిగేదాకా సెలవు పెట్టు" అన్నాడు భర్త. అత్తగారు మూడు నెలలకే లేచి తిరిగారు. ఇప్పటికీ శుభ్రంగా తిరుగుతున్నారు. ఇక ఆఫీసుకి వెళ్లమని ఒక్కరి నోటా రాలేదు. "పిల్ల స్కూల్లో కుదురుకోనీ." "ఆ పదో తరగతి కాస్తా గట్టెక్కనీ." "చెల్లి పురుటికి వస్తోంది, నువ్వు లేకపోతే ఎలా?" పిల్ల కుదురుకుంది, గట్టెక్కింది, వేరే ఊళ్లో ఉద్యోగం కూడా చేసుకుంటోంది. మొహమాటానికి పోయి ఈవిడా అడగలేదు. అడగకపోవడం తన తప్పేనని ఎన్నిసార్లు తిట్టుకుందో. ఆయనకు మాత్రం నిరుడు రిటైర్మెంటు. ఆ తేదీ ఉద్యోగంలో చేరినరోజే తెలుసు. దండ వేశారు, శాలువా కప్పారు, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోమన్నారు. మర్నాడు పొద్దున్నే ఆ మహానుభావుడు కాలుమీద కాలేసుకుని, "ఇంకో కాఫీ పెడతావా, ఖాళీగానే ఉన్నావుగా" అన్నాడు. తనకు శాలువా కప్పే తేదీ ఎవరి దగ్గరుందో!

బనియను మడతపెట్టి, పాత పెళ్లి శుభలేఖ ఒకటి తిరగేసి, వెనక రాయడం మొదలుపెట్టింది. నిరవధికం: అమ్మ లేచి తిరిగేదాకా. అన్నవారు భర్త. నిరవధికం: ఈ ఒక్క పనీ చేసి కూర్చో అమ్మాయ్. అన్నవారు అత్తగారు, రోజూ. నాలుగోది ఒక్కటే కావాలన్నాడు పెద్దాయన. తొమ్మిదో దానికి చోటు చాల్లేదు. రాస్తుంటే నవ్వొచ్చింది, అంతలోనే ఏడుపూ తన్నుకొచ్చింది. అర్థం మాత్రం రాయకుండా వదిలేసింది.

ముందు గదిలో ఆయన పేపరు చదువుతున్నాడు. అత్తగారు టీవీ చూస్తున్నారు.

"ఏమండీ, పాత ఆఫీసుకి రమ్మంటున్నారు. సోమవారం నుంచి."

ఆయన పేపరు దించలేదు. "వెళ్లు. నేను కాదన్నానా ఎప్పుడైనా? పొద్దున్నే లేచి వంట చేసిపెట్టేసి వెళ్లు, మిగతావి వచ్చాక నెమ్మదిగా చూసుకోవచ్చు."

ఇరవై రెండేళ్ల క్రితం ఈమాత్రం అన్నా కాళ్లకు దణ్ణం పెట్టేదేమో. ఇప్పుడు ఒళ్లు మండింది. గొంతు మాత్రం పెంచలేదు.

"లేదండీ. ఉదయం కాఫీ, టిఫిను నావి. తొమ్మిదింటికి నేను బయల్దేరతాను. అక్కణ్ణుంచి పడుకునేదాకా ఇల్లు మీది."

పేపరు దిగింది. టీవీ మోత కూడా తగ్గింది.

"నాకు వంటా అవీ ఏం తెలుసే?" అన్నాడాయన. నిజంగానే బెదిరాడు. "సరే, ఓ నాలుగురోజులు చూద్దాం. ఎన్నాళ్లు చెయ్యాలి నేనిలా?"

ఆమె అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుంది. అటు పెద్దాయన పలికేలోగా, భర్తవైపు తిరిగి నెమ్మదిగా అంది.

"ఆ ప్రశ్న నేనూ అడగొచ్చని ఇన్నాళ్లూ నాకు తెలీలేదండీ."