ప్రెబెన్ డాక్టరుగారి వీడ్కోలు పాట

డాక్టర్ ప్రెబెన్ పదవీ విరమణ విందుకు పాట తానే రాస్తానని విబెకె ముందుకొచ్చింది. డెన్మార్క్‌లో లిమ్‌ఫ్యోర్డ్ జలసంధి ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో ఏ విందుకైనా ఎవరో ఒకరు తెలిసిన బాణీలో కొత్త పాట కట్టాలి. దాన్ని అచ్చేసి కంచాల పక్కన పెడితే అందరూ గొంతు కలుపుతారు. ముందుగా చదివి చూసే అలవాటు ఎవరికీ లేదు. మొదలెట్టాక మధ్యలో ఆపడమంటే నిండు సభలో పెద్దమనిషి పరువు తీసినట్టే. విబెకె ఆ మర్యాదనే నమ్ముకుంది.

ఈడేరినప్పటినుంచీ ఆమె నెలనెలా నొప్పితో మెలికలు తిరిగిపోయేది. "ఆడపిల్లవి కదమ్మా, మామూలే. ఒక బిడ్డను కంటే అదే సర్దుకుంటుంది" అని నవ్వేవాడు ఆ మహానుభావుడు. పెద్దాసుపత్రికి చీటీ రాయమంటే రాసేవాడు కాదు. ఆ చీటీ లేనిదే అక్కడ ఎవరూ చూడరు. చివరికి స్పృహ తప్పి అంబులెన్సులో పోతే గానీ సంగతి తేలలేదు. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట పెరిగి, అండాశయాల మీద పాత నెత్తురుతో తిత్తులు కట్టింది. ఎండోమెట్రియోసిస్ అన్నారు. తర్వాత పిల్లల కోసం చికిత్సకెళితే, మిగిలిన అండాలే కొద్ది. బయటికి తీసి ఫలదీకరణ చేయించినవి కూడా పిండంగా నిలవలేదు.

"ఈ జబ్బు అండాల సంఖ్యను తగ్గిస్తుంది, నాణ్యతను కూడా దెబ్బతీయొచ్చు. మీకు అంతా దీనివల్లేనని ఒట్టేసి చెప్పలేను. కానీ వయసులో ఉండగానే వచ్చుంటే అండాలు దాచిపెట్టుకునే వీలుండేది" అంది ఆసుపత్రి డాక్టరమ్మ.

విబెకె నేరుగా ప్రెబెన్ దగ్గరికెళ్లింది. "నేను పొరబడ్డానని ఒక్క మాట అనండి, చాలు" అని అడిగింది.

"జరిగిందేదో జరిగింది, తవ్వుకోకమ్మా" అన్నాడాయన.

తవ్వొద్దా? పొరబడ్డానన్న ఆ ఒక్క మాట ఊరందరి ముందూ ఈయన నోటితోనే అనిపించకపోతే నా పేరు మార్చుకుంటాననుకుంది.

విందులో పంది మాంసం, బంగాళాదుంపలు అయ్యాక విబెకె గ్లాసు మీద చెంచాతో కొట్టింది. పియానో బాణీ అందుకుంది. మొదటి చరణంలో ఆయన సైకిలు, చేపల గాలం వచ్చాయి. హాలంతా నవ్వులే. తర్వాత రెండో చరణం వచ్చింది.

"నొప్పి అంటే నవ్వినావు, మామూలే పొమ్మన్నావు,
బిడ్డ పుడితే పోవునంటూ బిడ్డకే దూరం చేశావు!"

గొంతులు తడబడ్డాయి. కానీ ఆపే ధైర్యం ఎవరికుంది? మేయరుగారు కందగడ్డలాంటి మొహంతో పాడాడు. పాస్టరుగారు కాగితంలో తల దూర్చి పాడాడు. మూడో చరణానికి మగాళ్ల గొంతులు నీరసించాయి, ఆడవాళ్లవి మాత్రం హెచ్చాయి. బేకరీ నడిపే ఇంగెర్ అయితే బల్ల గుద్ది మరీ పాడింది. విబెకెకు ఒళ్లు పులకరించింది. ఏళ్ల తరబడి దాచుకున్న కసి మరి!

పాట అయ్యాక విందు ఎవరికోసమో వాళ్లు లేచి బదులు చెప్పాలి. ప్రెబెన్ లేచాడు.

"ఆ రోజుల్లో డాక్టర్లం అందరం అలాగే అనుకునేవాళ్లం..."

"అందరి సంగతి ఎందుకండీ? మీ సంగతి చెప్పండి" అంది విబెకె.

ఆయన నోరు తెరిచేలోపే, పక్క కుర్చీలోని మనవరాలు సెల్మా పొత్తికడుపును చేత్తో అదిమిపట్టుకునే తలెత్తింది. కాలేజీలో చేరబోయే వయసు పిల్ల.

"తాతయ్యా, మొన్న నాకూ మామూలే అన్నావుగా?"

ప్రెబెన్ పిల్ల వైపు చూడకుండా పాట కాగితం మడవసాగాడు. పిల్లను చూసి విబెకె గుండె కలుక్కుమంది. ముసలాయన మీద మాత్రం ఆమెకు రవ్వంత జాలి కలగలేదు.

"అనండి డాక్టరుగారూ. పిల్ల మొహం చూస్తూ ఇంకోసారి అనండి, మామూలేనని."