వడగాలి వాళ్ల రెండో ఆల్బమ్

కర్నూలులో ఒక విత్తనాల దుకాణం పైగదిలో ముగ్గురు స్నేహితులు మొదలుపెట్టిన బ్యాండ్ పేరు వడగాలి. పాటలు రాసి పాడేది శివజ్యోతి, కోడుమూరు పిల్ల. గిటార్ జయపాల్‌ది. డ్రమ్స్ వాయించే ఓబుళేశుది కోయిలకుంట్ల. దుకాణం అతని మేనమామది. కింద రైతులు వచ్చిపోతున్నంతసేపూ చప్పుడు చేయకుండా కూర్చుని, షట్టర్ దించగానే మొదలుపెట్టేవారు.

మొదటి ఆల్బమ్ బ్యాండ్ పేరుకు తగ్గట్టే వచ్చింది. జయపాల్ గిటార్ గర్జిస్తుంటే దాని మీదుగా శివజ్యోతి గొంతు చించుకుని అరిచేది. ఎండ మీద కోపం, హాస్టల్ మీద కోపం, ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో తన యాసకు నవ్వినవాళ్ల మీద కోపం. దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టిన కొన్నాళ్లకే కాలేజీ పిల్లల ఫోన్లలో ఆ పాటలు మోగాయి. అందులో ‘నలభై ఆరు డిగ్రీలు’ అనే పాటంటే వాళ్లకు పిచ్చి.

నంద్యాలలో ఒక కార్యక్రమంలో సరిగ్గా ఆ పాట మధ్యలోనే శివజ్యోతి గొంతు ఆగిపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఇంకేమీ రాలేదు. కర్నూలులో గొంతు డాక్టరమ్మ చూసి, స్వరపేటికలో బొడిపెలు లేచాయని చెప్పి, చిన్న ఆపరేషన్ చేసింది. కొన్నాళ్లపాటు ఒక్క మాట కూడా మాట్లాడకూడదంది.

“మళ్లా పాడొచ్చు గదా మేడం?” అన్నాడు ఓబుళేశు.

“పాడొచ్చు. అరవకూడదు.”

“ఎన్నాళ్లు?”

“గొంతు నిలబడాలంటే ఎప్పటికీ అరవకూడదు.”

వారం తిరగకముందే జయపాల్ కిరణ్‌కుమార్ అనే ఇంజనీరింగ్ కుర్రాణ్ని పైగదికి తీసుకొచ్చాడు. ఒప్పుకున్న కార్యక్రమాలు ఉన్నాయి, అంతవరకే అన్నాడు. శివజ్యోతి మాట్లాడలేదు కాబట్టి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. మూల కుర్చీలో కూర్చుని, తన పాటను ఇంకొకరి నోట మొదటిసారి విన్నది. ఎక్కడైనా తప్పుతాడేమోనని చూసింది. అతను ఎక్కడా తప్పలేదు. బాగా పాడాడు. అదే ఆమె తట్టుకోలేకపోయింది. బ్యాగు తీసుకుని మెట్లు దిగి బస్టాండుకు నడిచింది.

కోడుమూరు బస్సులో పక్కన ఒక ముసలామె కూర్చుంది.

“యాడ దిగాల పాపా?”

శివజ్యోతి గొంతు చూపించి తల అడ్డంగా ఊపింది. ముసలామెకు జాలి కలిగింది. ఈ పిల్లకు పుట్టుకతోనే మాట లేదనుకుంది. శివజ్యోతి టిక్కెట్టు మీది ఊరి పేరు చూపించింది.

“నాకు సదువు రాదు తల్లీ,” అని ముసలామె ఆ టిక్కెట్టును కండక్టరుకు చూపించి ఊరు కనుక్కుంది. “కోడుమూరేనంట. నేను ఇంకా ముందుకు పోవాల. నిద్రపో నువ్వు. ఊరొచ్చినాంక లేపుతాలే.”

ఆపరేషన్ నాటి నుంచి కంటికి కునుకు లేని శివజ్యోతి, ఆ ముక్కూ మొహం తెలియని మనిషి భుజానికి తల ఆనించి దారంతా నిద్రపోయింది. ముసలామె అన్నట్టే లేపింది.

మాట్లాడొచ్చని డాక్టరమ్మ చెప్పాక శివజ్యోతి గొంతు నుంచి మొదట వచ్చిన పాట ఆ బస్సుదే. కోపంగా మొదలుపెడదామని చూసింది, గొంతు సాగలేదు. కింది స్వరంలో, పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు పాడితే మాత్రం ఎక్కడా పట్టేయలేదు. వాళ్లమ్మ యశోద జొన్నరొట్టె తడుతూ విని, “ఇప్పుడు అర్థమయితాండాది నువ్వేం పాడతాండావో,” అంది.

కర్నూలు వచ్చి పైగదిలో ఇద్దరికీ వినిపించింది.

యాడ దిగాల నువ్వు, యాడ దిగాల
చెప్పకపోయినా పర్లేదు, నిద్రపో
ఊరొచ్చినాంక లేపుతాలే.

ఓబుళేశు కర్రలు పక్కన పెట్టి, డ్రమ్ము మీద వేళ్లతో తట్టడం మొదలుపెట్టాడు. జయపాల్ గిటార్ ముట్టుకోలేదు.

“బాగుండాది. కానీ ఇది వడగాలి పాట కాదు జ్యోతీ. జోలపాట. మన ప్రోగ్రాములకు పిల్లోళ్లు ఎగరాలని వస్తారు, పండుకోవాలని కాదు.”

“నేనింక అరవలేను జయపాల్.”

“నువ్వు అరవొద్దులే. కిరణ్ అరుస్తాడు.”

“అట్లయితే నేనెందుకప్పా?”

అప్పుడు జయపాల్ అసలు మాట బయటపెట్టాడు. “చిన్నప్పుడు చర్చిలో వాయిస్తాంటే, సౌండు తగ్గించు తగ్గించు అనేటోళ్లు. ఇంట్లో అదే మాట. ఈ గది ఒక్కటే నన్ను తగ్గించమనలేదు. ఇప్పుడు నువ్వూ అదే అంటాండావు. దీంట్లో నా గిటార్ యాడుండాది చెప్పు?”

అతను గిటార్ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

నెల రోజులు అటువైపు రాలేదు. కిరణ్‌కుమార్‌తో కలిసి వేరేచోట వాయించాడు. పాత పాటలు దంచి కొట్టారు. ఒకనాడు కిరణ్, “అన్నా, మనమూ కొత్తవి చేద్దాం,” అన్నాడు. జయపాల్ ఇంటికి వచ్చి కొత్త బాణీ కోసం కూర్చున్నాడు. ఏది మొదలుపెట్టినా పాతదే అయ్యేది. విసుగొచ్చి, ఏమీ ఆలోచించకుండా తీగలు మీటుతుంటే వేళ్లు వాటంతటవే బస్సు పాటలోకి పోయాయి. ఆపి మళ్లీ వేరేది మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడికే పోయాయి.

మరునాడు పొద్దున్నే కోడుమూరు వెళ్లాడు. శివజ్యోతి వాకిట్లోనే ఉంది.

“కిరణ్ వాళ్లు పాత పాటలు పాడుకుంటామంటాండారు. నిన్ను అడగమన్యారు,” అన్నాడు, వచ్చిన పని అదే అన్నట్టు.

“పాడుకోనీ. మంచి గొంతు వానిది.” తర్వాత అడిగింది. “ఇంత దూరం ఇది చెప్పనీకి వచ్చినావా?”

“కాదు. ఆ బస్సు పాట నన్ను వదలల్యా.”

ఆమె నవ్వలేదు, దెప్పలేదు. “నేనూ ఆలోచన చేసినా జయపాల్. పాటలో బస్సు ఊర్లోకొచ్చి బ్రేకు కొడుతుంది గదా, ఆడ నీకు జాగా ఇడుస్తా. నీ ఇష్టం వచ్చినంత గట్టిగా వాయించుకో. నేను ఆపను.”

రికార్డింగు రోజున పాట ఆ చోటికి వచ్చింది. ఓబుళేశు వేళ్లు ఆగాయి. శివజ్యోతి కళ్లు మూసుకుని, మీద పడబోయే మోత కోసం కాచుకుంది. జయపాల్ ఒక్క తీగ మీటి, అది సన్నగిల్లి మాసిపోయేదాకా అలాగే వదిలేశాడు.

“ఏమైందిరా?” అన్నాడు ఓబుళేశు.

“ఆ బస్సులో నిద్రపోతాండే మనిషిని గట్టిగా లేపబుద్ధి కాలేదు,” అన్నాడు జయపాల్.

అదే ఉంచేశారు. రెండో ఆల్బమ్‌కు ‘నిమ్మళం’ అని పేరు పెట్టారు. విన్నవాళ్లలో చాలామంది తిట్టారు. వడగాలి చల్లారిపోయిందని, ముసలోళ్లయిపోయారని రాశారు. మరికొందరు, ఎక్కువగా ఊళ్లు వదిలి ఉద్యోగాలకు పోయినవాళ్లు, రాత్రి బస్సుల్లో వింటున్నామని రాశారు.

కడపలో ఒక కాలేజీ మైదానంలో, పొద్దుగూకే వేళ, కొత్త పాటలతో మొదటిసారి నిలబడ్డారు. రెండు పాటలు కాకముందే వెనకనుంచి కేకలు మొదలయ్యాయి. “నలభై ఆరు! నలభై ఆరు!”

శివజ్యోతి మైకు దగ్గరికి జరిగింది. “ఆ పాట పాడిన గొంతు నాకాడ ఇంక లేదప్పా. ఉండేది ఇదే. ఇష్టముంటే ఇనండి.”

కొందరు లేచి వెళ్లిపోయారు. వాళ్లు పోయేదాకా జయపాల్ మెల్లగా వాయిస్తూ ఆగాడు, ఎవరినీ తొందరపెట్టకుండా. ముందు వరసలవాళ్లు కింద కూర్చున్నారు. బస్సు పాట వచ్చేసరికి మైదానంలో సగం మందే మిగిలారు గానీ, ఆ సగంలో ఒక్కరూ మాట్లాడలేదు.

సామాను సర్దుకుంటుంటే ఒక కుర్రాడు దగ్గరికి వచ్చాడు. వెళ్లిపోకుండా చివరిదాకా ఉన్నవాడే.

“అక్కా, ఏమనుకోవద్దు. నాకు మొదటిదే శానా ఇష్టం.”

“నాకూ అదంటే ఇష్టమే నాయనా,” అంది శివజ్యోతి.

ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు ఎక్కడా నొప్పి అనిపించలేదు. ఓబుళేశు వ్యాన్ తలుపు తెరిచాడు. కారం దోసె తినకుండా కడప దాటేది లేదని జయపాల్ పట్టుబట్టాడు. ముగ్గురూ బండెక్కారు.