కొట్టేసిన మూడు వాక్యాలు

ఆ గురువారం రేపల్లె ప్యాసింజరులోంచి దయామణి దిగలేదు.

నేను బాపట్ల నుంచి ముందు బండికే వచ్చి, తెనాలి స్టేషన్లో మేమెప్పుడూ కూర్చునే బల్ల మీద కూర్చున్నాను. పక్కన టిఫిన్ డబ్బాలో నాలుగు ఇడ్లీలు, నా చెల్లెలికి ఇష్టమైన అల్లం పచ్చడి. బండి వచ్చింది, ఖాళీ అయింది. చంటిదానితో ఆలస్యమై ఉంటుందిలే అనుకున్నాను. తరవాతి బండిలో దయామణి భర్త ఎజ్రా పినతండ్రి యోబుగారు దిగారు. నన్ను చూసి తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నారు. అప్పటికే నాకు తెలిసిపోయింది.

అది 1989 ఆగస్టు. ఆ ఉదయమే నా చెల్లెలు తన ప్రాణం తీసుకుంది. ఎలాగన్నది రాయను. అది ఎవరికీ పనికొచ్చే సంగతి కాదు. అంతకుముందు ఏం జరిగిందన్నది పనికిరావచ్చు.

రెండో కాన్పు తరవాత దయామణికి మాట తగ్గింది. పొయ్యి ముందు కూర్చుని, అన్నం మాడుతున్నా అలాగే చూస్తూ ఉండేది. తొమ్మిదిమందికి రెండు పూటలా వండి, ఇద్దరు పిల్లల్నీ రెండు గేదెల్నీ చూసుకునే మనిషిని పట్టుకుని అత్తగారు అచ్చమ్మ “పనిలేక వచ్చే జబ్బమ్మా ఇది. మా రోజుల్లో దిగులుపడ్డానికి తీరికెక్కడేడ్చింది?” అనేది. ఎజ్రా “ఏంటి నీకు తక్కువ? నేను తాగుతానా, కొడతానా?” అనేవాడు. నిజమే, అతను తాగడు, కొట్టడు. అంతటితో తన వంతు అయిపోయిందని అతని నమ్మకం. ఊళ్ళో ఆర్.ఎం.పి. బలానికని సూదులు వేశాడు, సెలైను ఎక్కించాడు. ఇంకో డాక్టరు నిద్రమాత్రలిచ్చాడు. ఏడ్చే మనిషి నిద్రపోతోంది కాబట్టి నయమైందని ఇంట్లో అందరూ అన్నారు.

గుంటూరు నుంచి ఒక మానసిక వైద్యుడు గురువారాలు తెనాలి వచ్చి, మందుల షాపు మేడమీద చూస్తారని మా స్కూల్లో సోషల్ చెప్పే బ్రహ్మానందం మాస్టారు గొంతు తగ్గించి చెప్పారు. వాళ్ళావిడని రెండేళ్ళుగా అక్కడికే తీసుకెళ్తున్నారట. ఒకే స్టాఫ్‌రూములో అయిదేళ్ళుగా కూర్చుంటున్నాం, నాకు తెలియదు. అలా పదిహేను రోజులకోసారి నేను బాపట్ల నుంచి, అది రేపల్లె నుంచి వచ్చి తెనాలిలో కలుసుకునేవాళ్ళం. ఇరుగుపొరుగుకి పంటినొప్పి అని చెప్పాం.

మొదటి మందు పడలేదు. చేతులు వణికేవి, నోరు ఎండిపోయేది. డాక్టరుగారు మందు మార్చారు. “మూడు నాలుగు వారాలు ఏమీ తెలియదమ్మా. తెలిశాక బాగయిపోయిందని మానేస్తారు, అందరూ చేసే తప్పదే. నేను చెప్పేదాకా ఆపకూడదు” అన్నారు. ఆ మాట మా ఇద్దరికీ కలిపి చెప్పారు. అయిదో వారంలో దయామణి బల్ల మీద నా పక్కన కూర్చుని, “అక్కా, నిన్న కూర మాడింది. ఏడుపు రాలేదు. ఆకలేసింది, మాడిందే తినేశాను” అంది. “ఇన్నిసార్లు పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చాక నోట్లో ఒక్క పన్నయినా మిగలకూడదే. ఎవరన్నా నోరు తెరవమంటే ఎట్లాగక్కా?” అని నవ్వింది. ఏడాదిన్నర తరవాత విన్న నవ్వు. దానికి కనపడకుండా నేను మొహం తిప్పుకున్నాను.

కోడలు నవ్వితే గుడిలో సాక్ష్యం చెప్పిస్తానని అచ్చమ్మ మొక్కుకుని ఉంది. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలును చర్చిలో సంఘం ముందు నిలబడి చెప్పడం. “నాకు నోరు పెగలదక్కా, నువ్వు రాసివ్వు, చదువుతాను” అంది దయామణి. దేవుడు నా దిగులు తీసి స్వస్థత ఇచ్చాడని ఒక పేజీ రాశాను. చివర ఈ మూడు వాక్యాలున్నాయి: దేవుడు నాకు మంచి డాక్టరుగారిని చూపించాడు. నేను మాత్రలు వేసుకుంటున్నాను. ఇంకా చాలాకాలం వేసుకోవాలి.

నేను నాలుగింటికి లేచి చేసే పనులేవీ మా ఆయన వరప్రసాదంగారి కంటపడవు. రాసింది మాత్రం ఆయన చూడకుండా గడప దాటదు. మా అమ్మకు రాసే ఉత్తరమైనా, స్కూలుకిచ్చే సెలవు చీటీ అయినా అంతే. ఆయన బాపట్లలో సంఘ కార్యదర్శి. కాగితం చదివి, “సాక్ష్యంలో మందుల షాపు ఎందుకు? దేవుణ్ణి తక్కువ చేసినట్టుంటుంది. పైగా పిచ్చిమాత్రలని తెలిస్తే ఎజ్రా చెల్లెలికి సంబంధం వస్తుందా? ఆ చివరి మూడు ముక్కలూ కొట్టెయ్” అన్నారు. నేను కదల్లేదు. “అబద్ధం రాయమన్నానా? చెప్పొద్దన్నాను, అంతేగా” అన్నారు.

పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. ఎర్రసిరా కలం నా చేతిలోనే ఉంది. కొట్టేసింది నేనే.

రేపల్లె గుడిలో దయామణి చక్కగా చదివింది. సంఘమంతా ఆమేన్ అంది. ఆ తరవాత కూడా గురువారాలు వచ్చేది, మాత్రలు తీసుకునేది, బాగానే ఉందని డాక్టరుగారికి చెప్పేది. ఒకసారి బండి కోసం ఎదురుచూస్తూ, “అక్కా, ఆ కాగితంలో ఉన్నదంతా నిజమేనా?” అని అడిగింది.

“ప్రతి మాటా నిజమే” అన్నాను.

అది తలూపి, పట్టాల వైపు చూస్తూ కూర్చుంది. ఎందుకడిగావని నేను అడగలేదు.

సమాధి అయిన మూడోనాడు అచ్చమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, బియ్యం డబ్బా అడుగునుంచి ఒక గుడ్డ సంచి తీసింది. దానినిండా మాత్రలు, ఒక్కటీ విప్పలేదు. “తెచ్చుకునేదమ్మా, వేసుకునేది కాదు. ‘స్వస్థత అయిందని సంఘం ముందు చెప్పి మళ్ళీ మాత్ర మింగితే అబద్ధమాడినట్టేగా అత్తమ్మా’ అంది. నేనే మెచ్చుకున్నాను. మా కోడలికి ఎంత విశ్వాసమో అని వాడంతా చెప్పుకున్నాను” అంటూ తన నోటిమీద తనే కొట్టుకుంది. ఆవిడని అనాలని దాచుకున్న మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. ఆవిడ మెచ్చుకున్నది నేను రాసినదాన్నే.

గుండె ఆగి చనిపోయిందని రేపల్లెలో చెప్పారు. అందుకని సాక్ష్యానికేమీ కాలేదు. అది అలాగే నిలిచింది.

ఎలా నిలిచిందో మూడేళ్ళకు తెలిసింది. పోయిన నెల బాపట్లలో ఆరాధన అయ్యాక మా సంఘంలోని రాజమ్మగారు నా చెయ్యి పట్టుకుని, “టీచరుగారూ, మీ చెల్లెలి సాక్ష్యం మీ దగ్గరుందాండీ? రేపల్లెలో మా ఆడపడుచు ఇప్పటికీ చెబుతుంది. మా కోడలు కూడా గోడవంకే చూస్తా కూర్చుంటుందండి. ఉన్న మందులన్నీ అవతల పారేసి, అది వినిపిద్దామని” అంది.

కాగితం ఇవ్వలేదు. ఆ గురువారం అత్తనీ కోడలినీ తెనాలి తీసుకెళ్ళాను. మేడమెట్లు అవే. డాక్టరుగారి జుట్టు నెరిసింది. ఆపకూడదన్న మాట ఆయనచేత కోడలికి కాదు, అత్తకు మూడుసార్లు చెప్పించాను. ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలో ఉన్నారు. “మళ్ళీ ఆ తెనాలేనా? జనం ఏమనుకుంటారో ఆలోచించావా?” అన్నారు.

“వచ్చే గురువారం కూడా వెళ్తానండి” అని లోపలికి వెళ్ళి బియ్యం కడిగాను.

ఆ రోజే ఆ పేజీ మళ్ళీ రాశాను, చివరి మూడు వాక్యాలతో సహా. వాటి కింద, నా చెల్లెలు ఎందుకు మానేసిందో, ఎలా పోయిందో నాలుగో వాక్యంగా చేర్చాను. స్కూల్లో నా బల్ల సొరుగులో ఉంది. ఆయనకు చూపించలేదు. చూపించను.

రేపల్లె సంఘం ముందు దాన్ని ఇంకా చదవలేదు.