దిలీప్ ఇంట్లో మైనింగ్ మెషిన్లు

జగ్గయ్యపేటలో ఆ మోటారు వైండింగ్ షాపు జాన్‌బాషా పేరు మీదే ఉన్నా, మూడేళ్లుగా పని చేసేది ఆయన కూతురు నిషాత్. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివింది. కాలిపోయిన బోరు మోటారు మోసుకొచ్చిన రైతు మొదటిసారి "మీ నాన్న లేడామ్మా?" అని అడిగేవాడు. రెండోసారి మారుమాట లేకుండా ఆమె ముందే దించి వెళ్లేవాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు బెజవాడ నుంచి ఒక డీలరు ఫోన్ చేశాడు. బిట్‌కాయిన్ మైనింగ్ మెషిన్లు అమ్ముతాడట, ఇరవై నాలుగ్గంటలూ కరెంటు మీద లెక్కలు కడుతూ ఆన్‌లైన్ డబ్బు సంపాదించే పెట్టెలు. నందిగామలో దిలీప్ అనే ఆయన ఇంట్లో రెండు మెషిన్లు రెండు రోజుల ట్రయల్‌కి పెడుతున్నాననీ, వాటికి విడిగా వైరు లాగాలనీ చెప్పాడు.

"మీ కూలీ ఆయనిస్తాడు. మెషిన్ కొన్నాడంటే, నా వైపు నుంచి మీకింకో ఐదు వేలు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నిషాత్ సామాను సంచితో నందిగామలో బస్సు దిగింది.

దిలీప్‌కి నలభై దాటి రెండేళ్లు. పన్నెండు చక్రాల లారీ సొంతంగా కొనుక్కుని, జగ్గయ్యపేట సిమెంటు విశాఖపట్నం దాకా తోలినవాడు. ఎనిమిది నెలల కిందట కీసర దగ్గర ప్రమాదమై ఎడమ మోకాలు నుజ్జయింది. కాలు దక్కింది కానీ మడత పడదు, క్లచ్చి తొక్కలేదు. లారీ అమ్మేశాడు. కూర్చున్న చోటే సంపాదన అని ఫోన్‌లో ఎవరో చెబుతుంటే విని, ఈ మెషిన్ల మీద ఆశ పెట్టుకున్నాడు.

వంటింట్లో కాఫీ ఇస్తూ ఆయన భార్య కృష్ణప్రియ గొంతు తగ్గించింది. "సరిగా నిద్రపోయి ఎనిమిది నెలలైంది నిషాత్. రెప్ప వాల్తే చాలు, బ్రేకు తొక్కినట్టు ఉలిక్కిపడి లేస్తారు. మనుషుల్తో మాట్లాడ్డం మానేశారు. నోరు తెరిచి మాట్లాడింది ఈ మెషిన్ల గురించే. వద్దంటే మళ్లీ ఏమైపోతారోనని నేనేం అన్లేదు."

నిషాత్ ముందు గదిలోకి వైరు లాగి, పెద్ద మెషిన్‌కి కరెంటు ఇచ్చింది. చూడ్డానికి చెప్పుల డబ్బా అంత ఉంటుంది కానీ దాని ఫ్యాన్లు అందుకున్నాయంటే పిండిమరలో నిలబడ్డట్టే. వసారాలో కూర్చున్న దిలీప్ తల్లి బసవమ్మ, "ఇదేం మోతరా నాయనా, నా చెవులు పోతన్నాయి" అంటూ పక్కింటికి వెళ్లిపోయింది. వెనక నుంచి వేడిగాలి కొట్టి గోడ క్యాలెండరు రెపరెపలాడింది. నిషాత్ మీటరు పెట్టి చూసింది. మూడు వేల రెండొందల యాభై వాట్లు. దిలీప్ కాలు చాపుకుని కుర్చీలో కూర్చుని కాగితం మీద రాసుకున్నాడు.

గంట తర్వాత మళ్లీ రీడింగ్ చూద్దామని వచ్చిన నిషాత్ గుమ్మంలోనే ఆగిపోయింది. అంత హోరులో దిలీప్ నిద్రపోతున్నాడు. తల పక్కకి వాలింది. కాగితం కింద పడింది. కృష్ణప్రియని సైగ చేసి పిలిచింది. ఆమె చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే గోడకి ఆనుకుని కూర్చుంది.

మధ్యాహ్నమంతా ఎవరూ మెషిన్ జోలికి పోలేదు. నాలుగింటికి, వైరు వేడెక్కుతోందని నిషాత్ స్విచ్ ఆపక తప్పలేదు. మోత ఆగగానే దిలీప్ కళ్లు తెరిచాడు.

"ఆపావేంటి? ఎంతవరకొచ్చాం?" అన్నాడు.

తర్వాత చుట్టూ చూసుకుని తల దించుకున్నాడు.

రెండో రోజు చిన్న మెషిన్ పెట్టారు. నూట నలభై వాట్లు, టేబుల్ ఫ్యాన్ అంత చప్పుడు కూడా లేదు. డీలరు పంపిన కాగితాల్లో మూడోది, కొత్త మోడల్, దాని వివరాలు కూడా ఉన్నాయి. నిషాత్ మూడింటి లెక్కా రాసింది. ఆ కమిషన్ వస్తే షాపుకి కొత్త వైండింగ్ మిషన్ బయానా అవుతుందని దారంతా అనుకుంటూనే వచ్చింది. అయినా కాగితం దిలీప్ ముందు పెట్టింది.

"అన్నా, ఉన్నదున్నట్టు చెప్తా. పాత పెద్దది రోజుకి డెబ్భై ఎనిమిది యూనిట్లు తాగుద్ది. ఇంటి కరెంటు, పై స్లాబు రేటు కాబట్టి ఏడొందల అరవై రూపాయలు. ఇవాళ్టి రేటుకి అది తెచ్చేది నాలుగొందల ఇరవై. చిన్నది ముప్పై మూడు తిని పాతిక పెడుద్ది."

"కొత్తదో?"

"అది మంచిదే. దాదాపు అంతే కరెంటుకి రెట్టింపు పని చేస్తది. ఖర్చు పోను రోజుకి ఇరవై మిగులుద్ది. ధర మూడు లక్షలు. అది తిరిగి రావాలంటే నలభై ఏళ్లు. పైగా మీ కనెక్షన్ రెండు కిలోవాట్లది, లోడు పెంచుకోవాలి. ఈ మోతకి ఇంట్లో వాళ్లెవరూ ఉండలేరు."

"కాయిన్ రేటు పెరిగితే?"

"పెరగొచ్చు, తగ్గొచ్చు. నాకు తెలిసింది కరెంటొక్కటే అన్నా."

దిలీప్ కాగితం ఉండ చుట్టి విసిరేశాడు. "అయితే నన్నేం చెయ్యమంటావ్? గోడ చూస్తా కూర్చోనా?"

జవాబు కృష్ణప్రియ చెప్పింది.

"రాంబాబన్నయ్య తన లారీలో తోడు రమ్మని ఎన్నిసార్లు ఫోన్ చేశాడు? ఒక్క ట్రిప్పు పక్క సీట్లో కూర్చుని వెళ్లిరండి."

"సొంత బండి తోలినోణ్ణి. ఇంకోడి పక్కన కూర్చోవాలా?"

"నిన్న లేస్తానే 'ఎంతవరకొచ్చాం' అన్నారు" అంది కృష్ణప్రియ. "ఆ హోరు మీకు లారీ మోతలా అనిపించినట్టుంది. అప్పుడు మీరు ఏ సీట్లో ఉన్నారో నాకు తెలీదు. కానీ అన్ని గంటలు హాయిగా ఉన్నారు. అది నేను చూశా."

దిలీప్ ఆగి ఉన్న పెద్ద మెషిన్ వైపు చూశాడు. తర్వాత నిషాత్ వైపు తిరిగి, "మెషిన్లు తీసుకెళ్లమని చెప్పమ్మా" అన్నాడు.

డీలరు నిషాత్‌ని ఫోన్‌లో నానా మాటలూ అన్నాడు. ఆమె విని పెట్టేసింది. మళ్లీ ఆ మనిషి ఆమెకు పని చెప్పలేదు.

వారం తర్వాత దిలీప్ రాంబాబు లారీ ఎక్కాడు. ఎక్కడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. మొదటి ట్రిప్పులో అనకాపల్లి దాకా పెదవి విప్పలేదట. తిరిగొచ్చేటప్పుడు వేసుకోవడానికి లోడు దొరక్క రాంబాబు అక్కడ రెండు రోజులు పడిగాపులు పడుతుంటే మాత్రం ఊరుకోలేక, పాత పరిచయాలన్నిటికీ ఫోన్లు తిప్పి, పూట తిరక్కుండా బెల్లం లోడు పట్టించాడు. ఆ సంగతి తోటి డ్రైవర్లకి పాకింది. మాకూ చూడన్నా అని ఒకరు, ఇద్దరు, పదిమంది ఫోన్ చేయడం మొదలుపెట్టారు.

జూన్‌లో దిలీప్ లారీలకి కమిషన్ మీద లోడ్లు కుదిర్చే పనికని చిల్లకల్లు దగ్గర హైవే పక్కన చిన్న గది అద్దెకి తీసుకున్నాడు. ఫ్యానూ రెండు ప్లగ్గులూ పెట్టడానికి నిషాత్‌నే పిలిచాడు. ఆమె నిచ్చెన మీద ఉండగానే ఫోన్ మోగింది. మాట్లాడుతూ చేత్తో ఆమెకి ఫ్యాన్ ఇంకాస్త ఇటు అని చూపించాడు.

"ఖాళీగా రాకురా," అంటున్నాడు ఫోన్‌లో, "తాడేపల్లిగూడెంలో బియ్యం ఉన్నయ్. గంటలో చెప్తా, అక్కడే ఉండు."