తువ్వాలు పట్టినవాడి ఓటు

ఎజ్రా పింక్నీ ఏడో తువ్వాలు పిండుతుండగా కింద టైర్ల కొట్టు తలుపు పైకి లేచిన చప్పుడైంది. తువ్వాలు పిండడంలో అతనికో పద్ధతి ఉంది. రెండు కొసలూ పట్టుకుని, నడుం వంచకుండా మణికట్లతోనే మెలితిప్పుతాడు. ఆరడుగుల పైన పొడుగు, ఆ పొడుగుకి తగ్గ ఒళ్లు మాత్రం దేవుడు ఇవ్వలేదు. ఎడమ చెవి ఎండిన పుట్టగొడుగులా ముడుచుకుపోయి ఉంటుంది. ఉత్తర ఫిలడెల్ఫియాలోని ఆ బాక్సింగ్ జిమ్‌లో ముప్ఫై ఒక్కేళ్లుగా తువ్వాళ్లు ఉతకడం, చేతికట్లు చుట్టడం, నెత్తురూ ఉమ్మీ పడ్డ బకెట్లు కడగడం అతని పని. రేపటి నుంచి ఆ పని ఉండదు. ఇరవై మూడు మెట్లెక్కడం ఇక మా వల్ల కాదని మోకాళ్లు చెప్పేశాయి. జార్జియాలో చెల్లెలి ఇంటికి పొద్దున్నే బస్సు. సంగతి యజమానికొక్కడికే తెలుసు.

పోతున్నందుకు ఎజ్రాకి పెద్ద దిగులేం లేదు. ఒక్కటే కొరత. అన్ని కాలాల హెవీవెయిట్ చాంపియన్లలోకీ గొప్పవాడెవడు అని ఈ జిమ్‌లో ముప్ఫై ఒక్కేళ్లుగా రోజూ కొట్టుకుంటున్నారు. నువ్వేమంటావు ఎజ్రా అని ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. ఈ ఒక్కరోజు ఎవడైనా అడిగితే బాగుండునని అతని ఆశ.

కొట్టుకోవడం అంటే అక్కడ ఊరికే అరుచుకోవడం కాదు. దానికో కట్టుబాటుంది. శనివారం మధ్యాహ్నం బరిలో రెండు మూలలా రెండు స్టూళ్లు వేస్తారు. ఏ చాంపియన్ తరఫున వాదించేవాడు ఆ మూల నుంచి లేస్తాడు. గంట కొడితే మూడు నిమిషాలు వాదన, మళ్లీ కొడితే నిమిషం విశ్రాంతి. అలా పది రౌండ్లు. పది అంకెలు లెక్కపెట్టేలోపు మాట అందుకోలేనివాడు పడిపోయినట్టే. వాదించేవాళ్లకి చేతికట్లు తప్పనిసరి. ఒకసారి ఒకాయన గుద్దు ఎలా పడిందో చూపించబోయి పక్కవాడి ముక్కు విరగ్గొట్టాడు. ఇంకో కట్టుబాటు, ఆ ఊరివాడే అయిన చాంపియన్ ఫ్రేజర్ పేరెత్తకూడదు. ఎత్తితే అందరూ అతనికే ఓటేస్తారు, ఇక వాదనెక్కడుంటుంది?

ఇరవై ఏళ్లుగా ప్రతి పోటీ సమానంగానే తేలుతోంది. ఏ రౌండు ఎవరిదో కార్డు మీద రాసే న్యాయనిర్ణేతలు ముగ్గురు. మేబ్రీ అన్నదమ్ములిద్దరూ తల్లి కడుపులోంచే పోట్లాడుకుంటూ వచ్చినవాళ్లు. ఒకడు ఎటు వేస్తే రెండోవాడు అటు వెయ్యడు. మూడోవాడు చర్చి పెద్ద విట్లో. ఆదివారం అందరి మొహాలూ చూడాలి కనక ఎప్పుడూ "ఇద్దరూ సమానం" అంటాడు.

ఎజ్రా ఆఖరి రోజైన ఆ శనివారం విట్లో పన్ను పీకించుకోవడానికి పోయాడు.

"ఇప్పుడు మూడో మనిషేడీ?" అన్నాడు పెద్ద మేబ్రీ.

"కింద కార్మైన్‌ని పిలు" అన్నాడు తమ్ముడు.

"వాడొద్దురా బాబూ! ఎవరి గురించి అడిగినా మార్సియానో అంటాడు."

తన పేరు వినబడిందేమో, టైర్ల కొట్టు కార్మైన్ మెట్ల కింద నుంచే కేకేశాడు. "నలభై తొమ్మిదికి నలభై తొమ్మిది గెలిచాడు! ఇంకేం కావాలి మీకు?"

గోడలన్నీ చూశాక, కిటికీలో పావురాన్ని కూడా చూశాక, అందరి కళ్లూ ఎజ్రా మీద పడ్డాయి.

"ఎజ్రా, కార్డు రాస్తావా?"

ఎజ్రా తలూపాడు.

"నీళ్లు కూడా నువ్వే పట్టాలి మరి. ఇంకెవరున్నారు?"

కార్డు తీసుకుని తువ్వాళ్ల గదిలోకి పోయి, పెన్సిల్ చెక్కుకుని వచ్చాడు. చొక్కా జేబులో కార్డు, భుజాన తువ్వాలు, చేతిలో బకెట్. ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో అతనికి గుర్తు లేదు.

అతని చాంపియన్ జో లూయిస్. పంతొమ్మిది వందల ముప్ఫై ఎనిమిది జూన్‌లో లూయిస్, అంతకుముందు తనని ఓడించిన జర్మన్‌తో మళ్లీ తలపడ్డప్పుడు వీధి వీధంతా రేడియో చుట్టూ మూగింది. ఎజ్రాని ఐసు తెమ్మన్నారు. తెచ్చేసరికి పోటీ అయిపోయింది, రెండు నిమిషాల చిల్లర. జనం ఎజ్రానీ ఐసునీ కలిపి పైకెత్తి ఊరేగించారు. ఆ గుద్దుల్లో ఒక్కటీ తాను వినలేదని ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరడిగారు కనక?

గంట మోగింది. లూయిస్ మూలలోంచి రాస్కో టిబ్స్ లేచాడు. డెబ్బై ఒక్కేళ్లవాడు, ఒకప్పటి ట్రామ్ డ్రైవరు, రక్తపోటు మనిషి. అలీ మూలలో మాంసం కొట్టు క్లైడ్ వెరీన్.

"పాతికసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడ్రా మావోడు! నెలకొకణ్ణి పడేశాడు!"

"ఎవర్రా ఆ నెలకొకళ్లు? అడ్రసు తప్పి వచ్చినోళ్లా?"

"నీ అలీ గుద్దులాటకొచ్చాడా, అద్దం చూసుకోడానికొచ్చాడా?"

"మావోడు నిలబడితే కదా మీవోడు గుద్దేది! రెండో రౌండుకల్లా మీ లూయిస్ జనాన్ని అడుగుతాడు, వాడెటు పోయాడండీ అని!"

విశ్రాంతిలో ఎజ్రా ఇద్దరి మొహాలూ తుడిచాడు, నీళ్లు పట్టాడు. క్లైడ్ మెడ వెనక తడిపాడు, రాస్కో చేతికట్లు వదులు చేశాడు. అయిదు రౌండ్లయ్యాయి. రాస్కోదే పైచెయ్యి. మేబ్రీలు ఎలాగూ చెరోవైపు, ఎజ్రా కార్డుతో లూయిస్ గెలవబోతున్నాడు.

ఆరో రౌండులో రాస్కో మొహం వంకాయ రంగుకి తిరిగింది. మాట మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. అయినా ఆపడు. ఆపితే పది లెక్కపెట్టేస్తారు. మేబ్రీలు కార్డుల మీదికి వంగి ఉన్నారు, క్లైడ్ తన వంతు కోసం పళ్లు నూరుతున్నాడు. రాస్కో పెదాల చుట్టూ తెల్లబడడం ఎజ్రా ఒక్కడే చూశాడు.

ఇరవై రెండేళ్ల వయసులో ఎజ్రా ఒకే ఒక్కసారి బరిలోకి దిగాడు. మూడో రౌండులో కళ్లు కనబడని స్థితిలో తన మూల వైపు చూశాడు. పోటీ ఆపమని విసరాల్సిన తువ్వాలు అక్కడివాడి భుజం మీదే ఉంది. ఆ రాత్రే ఎడమ చెవి పోయింది. ఆ మనిషి మీద కోపం అతనికి ఇప్పటికీ చల్లారలేదు.

ఒక్క క్షణం చెయ్యి కార్డున్న చొక్కా జేబు మీదికి పోయింది. తర్వాత భుజం మీదికి పోయింది. రాస్కో మూలలోంచి తువ్వాలు గాలిలో విచ్చుకుని బరి మధ్యలో పడింది.

అందరూ నోరెళ్లబెట్టారు. తువ్వాలు పడితే పోటీ అయిపోయినట్టే. ఎవరి తరఫున పడిందో వాడు ఓడినట్టు. కార్డులు చూసే పనే లేదు.

"అలీ! ఆరో రౌండు! నాకౌట్!" క్లైడ్ చేతికట్లతోనే చిందులేశాడు.

"నన్నడక్కుండా ఎలా విసిరావురా?" రాస్కో కీచుగొంతుతో అరిచాడు.

"తువ్వాలు అడిగి విసరరు, రాస్కో. కూర్చో. నీళ్లు తాగు."

రాస్కో కూర్చున్నాడు. పావుగంటకి రంగు తిరిగింది. తిరిగాక ఎజ్రాని చూడకుండా గోడ వైపు తిరిగాడు. వాదించేవాడికి తువ్వాలు విసరడం చెల్లుతుందా అని మిగతావాళ్లు కొత్త తగువు మొదలుపెట్టారు. ఎజ్రాకి ఏడుపొచ్చింది, కాసేపటికి నవ్వూ వచ్చింది. చేతికట్లు ఉతికి ఆరేశాడు. "వస్తా" అన్నాడు. ఎవరూ వినలేదు.

మెట్ల కింద కార్మైన్ ఆపాడు. "ఎవరు గెలిచారు?"

"అలీ."

"అదే రాకీ మార్సియానో అయితేనా..."

"నలభై తొమ్మిది. తెలుసు కార్మైన్."

సోమవారం రాస్కో ముందుగా వచ్చాడు. తిడదామని కొన్ని మాటలు కూడబెట్టుకుని మరీ వచ్చాడు. ఎజ్రా వెళ్లిపోయిన సంగతి యజమాని చెప్పాడు. రాస్కో ఆ మాటలు తిరిగి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. తర్వాత తువ్వాళ్ల గదిలోకి పోయాడు.

కిటికీ గట్టు మీద ఎజ్రా వదిలిపోయిన కార్డు ఉంది. అది మొదటి గంటకి ముందే నింపిన కార్డు. పది గళ్లలోనూ జో లూయిస్ పేరే ఉంది, జరగని నాలుగు రౌండ్లలో కూడా, పెన్సిల్ ఎంత ఒత్తి రాశాడో అక్షరాలన్నీ వెనకవైపుకి తేలాయి.